కోపగృహం లేని ఫ్లాటు

కవితలోకి పురాణాన్ని తీసుకురండి, కానీ దాన్ని వివరించకండి. ఆధునిక కవిత్వం పాఠం చెప్పేటప్పుడు మా పిల్లలకు నేను తప్పకుండా చెప్పే మాట ఇది. పేరొక్కటి పడేసి పక్కకి తప్పుకోవాలి. తెలిసినవాడికి తెలుస్తుంది, తెలియనివాడు వెళ్ళి వెతుక్కుంటాడు. విజయవాడలో ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పడం నా ఉద్యోగం. సిలబస్‌లో ఉండే కవితల్లో గ్రీకు దేవతలు, శాపాలు తగిలిన రాజులు వరసగా వచ్చిపోతుంటారు. వాళ్ళెవరో మా పిల్లలకు తెలీదు, మొదట్లో నాకూ తెలీదు. పేజీలో కవిత బెత్తెడుంటే కింద ఫుట్‌నోట్లు మూరెడుంటాయి. పరీక్షలో పిల్లలు కవితను వదిలేసి ఫుట్‌నోట్లు రాసి పాసవుతారు.

ఇంటికొచ్చి నేను రాసుకునేది మాత్రం తెలుగులో. నా కవితలకు ఫుట్‌నోట్లు అక్కర్లేదని నాకు మహా గర్వంగా ఉండేది. కృష్ణా జిల్లాలో అహల్య ఎవరని అడిగేవాళ్ళు ఉండరు. మా వీధిలో పొద్దెక్కేదాకా నిద్రపోయే మొగుణ్ణి కుంభకర్ణుడంటారు, రెండిళ్ళ మధ్య మాటలు మోసే మనిషిని నారదుడంటారు. ఇలా చదివేవాళ్ళందరికీ అన్నీ ముందే తెలిసినచోట రాస్తున్నాను, ఇంతకన్నా అదృష్టం ఏ దేశపు కవికుంటుంది అనుకునేదాన్ని. ఆ అదృష్టం వల్ల ఎంత చిక్కొచ్చి పడుతుందో ఒక ఆదివారం పొద్దున తెలిసింది.

ఆ రోజు ఒక దినపత్రిక ఆదివారం అనుబంధంలో నా కవిత పడింది. పేరు ‘కోపగృహం’. కైకేయికి కోపం వస్తే వెళ్ళి పడుకోవడానికి అంతఃపురంలో విడిగా ఒక గది ఉండేదని మనందరికీ తెలుసు. అక్కడ నగలు తీసి విసిరేసి, జుట్టు విరబోసుకుని, కటిక నేల మీద పడుకోవచ్చు. రాజుగారే వచ్చి బతిమాలాలి. ఇప్పటికీ మన పెళ్ళిళ్ళలో అల్లుడికి అలకపాన్పు వేస్తారు, దానిమీద కూర్చుని ఆయన బండి అడుగుతాడు. ఆడదానికి మాత్రం ఆ సదుపాయం కైకేయితోనే పోయింది. మాది డబుల్ బెడ్‌రూం ఫ్లాటు. ఒక గది మాది, రెండోది ఇంటర్ కోచింగ్‌లో ఉన్న మా అమ్మాయిది. ఆ రెండో గదిలోకి దేవుడైనా తలుపు తట్టే వెళ్ళాలి. హాల్లో దివాన్ కాట్ మా అత్తయ్యగారిది. నేను రాసుకునేది డైనింగ్ టేబుల్ మీద, పప్పుగిన్నె పక్కకి జరిపి. కోపం వస్తే వెళ్ళడానికి నాకు బాత్రూమొక్కటే మిగిలింది, అక్కడికీ కాసేపటికే ఎవరో ఒకరు వచ్చి ఇంకెంతసేపని తలుపు కొడతారు.

కవిత ఇలా మొదలవుతుంది:

ఈ ఇంట్లో ఒక కైకేయి ఉంది
ఆమెకు కోపగృహం లేదు
కోపం వస్తే
కుక్కర్ మూడో కూత దాకా ఆగుతుంది
నేల మీద పడుకుందామంటే
తడిగుడ్డ వచ్చి కాళ్ళు తియ్యమంటుంది

ఆ కైకేయి నేను. మొదట రాసినప్పుడు ‘ఈ ఇంట్లో నేనున్నాను’ అనే ఉంది. కానీ కవి తన గోడు తన నోటితోనే చెప్పుకుంటే అది డైరీ అవుతుందనీ, ఒక పురాణపాత్ర మొహం తగిలించుకుని చెబితే కవిత్వమవుతుందనీ ఏటేటా పాఠం చెప్పేది నేనే కదా. అందుకని ‘నేను’ కొట్టేసి ఆ చోట కైకేయిని కూర్చోబెట్టాను. ఆధునికంగా ఉందని మురిసిపోయాను కూడా.

మావారు బ్యాంకు ఉద్యోగి, రోజూ హనుమాన్ జంక్షన్ బ్రాంచికి బస్సులో వెళ్ళొస్తారు. కవిత్వం మీద ఆయనకు గౌరవం ఎక్కువ, అందుకే చదవరు. ఆ పొద్దున పేపరు చూడగానే ఫోటో తీసి, ‘మా శ్రీమతి రచన’ అని రాసి, పక్కన దండం బొమ్మ పెట్టి బంధువుల వాట్సాప్ గ్రూపులోకి వదిలి, టిఫినుకి కూర్చున్నారు. ఇడ్లీలు పూర్తయ్యేలోపు నా ఫోను మోగడం మొదలైంది.

మొదట గుడివాడ నుంచి మావారి మేనత్త.

“ఏమ్మా, మా వదిన్ని కైకేయి అన్నావంటగా?”

“అయ్యో, అన్లేదు పిన్నిగారూ.”

“అంటే అన్నావులే, అందులో తప్పేం లేదు. కానీ పేపర్లో ఎందుకమ్మా, మాతో అంటే సరిపోయేదిగా.”

ఆవిడకు నచ్చజెప్పి ఫోను పెట్టేసేసరికి గ్రూపులో మిగతా పాత్రలు కూడా పంచేసుకున్నారు. ఫుట్‌నోట్లు అక్కర్లేని పాఠకులతో ఇబ్బంది ఇదే. ఒక్క పేరిస్తే చాలు, మిగతా పరివారాన్నంతా వాళ్ళే తెచ్చి కూర్చోబెడతారు. ఈ ఇంట్లో కైకేయి ఉందంటే ఆవిడకో భరతుడుండాలి. పెద్దకొడుకు దగ్గర ఉంటున్న తల్లికి భరతుడెవరు? మంగళగిరిలో చేనేత చీరల షాపున్న చిన్నకొడుకు, అంటే మా మరిది. ఆయన ఫోను చేశాడు.

“వదినా, నేను భరతుణ్ణా? మరి నాకు రాజ్యం ఎప్పుడిచ్చిందొదినా అమ్మ? ఉన్న వెట్ గ్రైండరు కూడా మీ ఇంట్లోనే ఉంది.”

మావారు ఈ సంభాషణంతా విని చట్నీ వేసుకుంటూ, “అయితే నేను రాముణ్ణన్నమాట” అన్నారు, కొంచెం సంతోషంగానే. మళ్ళీ ఆయనకే అనుమానమొచ్చింది. “మరి నన్ను వనవాసానికి పంపినట్టు రాశావా?”

“మీరసలు కవితలో లేరండీ.”

“లేకపోవడమేంటి, రోజూ జంక్షన్ దాకా పోయొస్తుంటే.”

ఇంతసేపూ అత్తయ్యగారు దివాన్ మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ అన్నీ వింటున్నారు. పని పూర్తి చేసి, చెయ్యి కడుక్కుని, కళ్ళజోడు పెట్టుకుని పేపరడిగారు. ఒకసారి చదివారు. మళ్ళీ పైనుంచి చదివారు. ఆవిడ కేకలేస్తే నాకు భయముండేది కాదు, మేమిద్దరం రోజూ ఏదో ఒకదానికి కేకలేసుకునేవాళ్ళమే. ఆవిడ పేపరు మడిచి నా చేతికిచ్చి, “బాగుందమ్మా” అన్నారు. ఆ తర్వాత బ్యాగు సర్దుకున్నారు.

“చిన్నోడి దగ్గర నాలుగు రోజులుండొస్తాను.”

నాలుగు చీరలు, మందులు, దేవుడి పటం పెట్టుకుంటుంటే నేను నమ్మాను. కానీ ఆవిడ వంటింట్లోకెళ్ళి తన కాఫీ ఫిల్టరు కడిగి తుడిచి బ్యాగులో పెట్టుకున్నారు. ఫిల్టరు తీసుకెళ్ళిన మనిషి నాలుగు రోజుల్లో వచ్చే మనిషి కాదు. మావారు కూడా ఆ ఫిల్టరు చూశాకే ఇడ్లీ వదిలేసి లేచారు.

నాకు ఎందుకంత దిగులు పట్టుకుందో చెప్పాలి. ఆపై ఆదివారమే నా మొదటి పుస్తకం ఆవిష్కరణ. పుస్తకం పేరు కూడా ‘కోపగృహం’, అట్టలు అచ్చయిపోయాయి. ఆవిడ లేకుండా ఆ సభ చేసుకోవడం నాకు ఊహకే కష్టంగా ఉంది. నేను పురాణాలు చదివింది తక్కువ, విన్నది ఎక్కువ. విన్నదంతా ఆవిడ దగ్గరే. పెళ్ళయిన కొత్తలో గోంగూర ఆకు దూస్తూ ఆవిడ ఊర్మిళ నిద్ర గురించి చెబితే, నేను వెళ్ళి దానిమీద కవిత రాసి కాలేజీలో చదివి చప్పట్లు కొట్టించుకున్నాను. టీవీలో ప్రవచనం చెప్పేవాళ్ళను కూడా ఆవిడ వదలరు. “ఆ మాట అన్నది విభీషణుడు కాదు నాయనా” అని తెరకేసి చూసి దిద్దుతారు. నా పుస్తకంలో ఉన్న పురాణమంతా ఆవిడ వంటింట్లోంచి నేను తెచ్చుకున్నదే. ఆవిణ్ణి ముందు వరసలో కూర్చోబెట్టి మొదటి పుస్తకం ఆవిడ చేతిలో పెట్టాలని ఎన్నాళ్ళ నుంచో అనుకున్నాను. అలాంటిది అదే పుస్తకం ఆవిణ్ణి ఇంట్లోంచి పంపేసింది.

కాలేజీలో నా పక్క సీటు స్నేహితురాలితో చెప్పుకున్నాను. ఆవిడ చర్చికి క్రమం తప్పకుండా వెళ్ళే మనిషి. అంతా విని, “మీరింకా నయమండీ. మా చర్చిలో ఎవరైనా, బైబిల్లో ఎప్పుడూ వంటపనిలోనే ఉండే మార్త మీద కవిత రాశారనుకోండి, వంట చేసే ఆడవాళ్ళందరూ తమనే అన్నారని పాస్టరుగారి దగ్గరికెళ్తారు” అంది. “వెళ్ళి పిల్చుకొచ్చెయ్యండి. కవితను మాత్రం వివరించకండి.”

మంచి సలహా. నా పాఠంలో నేను చెప్పేదే. మర్నాడే బస్సెక్కి వారధి దాటి మంగళగిరి వెళ్ళి, వెళ్ళగానే వివరించడం మొదలుపెట్టాను.

“ఆ కైకేయి మీరు కాదత్తయ్యా. నేను.”

అత్తయ్యగారు వరండాలో కూర్చుని మా తోటికోడలు తెచ్చిచ్చిన పూలు మాల కడుతున్నారు. తలెత్తలేదు.

“నువ్వా? నువ్వు కైకేయివైతే నీ చెవిలో ఊదిన మంథరెవరు? ఇంట్లో ఉన్న ముసలిదాన్ని నేనొక్కదాన్నేగా.”

“మంథర లేదండీ కవితలో.”

“మంథర లేకుండా కైకేయికి కోపమెలా వచ్చింది?”

“తనంతట తనకే వచ్చింది.”

“ఒకే ఇంట్లో ఉంటూ తనంతట తనకే వచ్చిందంటే, తెప్పించింది నేనేగా.”

“పోనీ మీరు కౌసల్య అనుకోండి” అన్నాను.

“మూల కూర్చుని ఏడవడమా? నేనా?”

“సుమిత్ర?”

“ఆవిడకి నోట్లో మాటే లేదు. ఎవరూ పట్టించుకోరనేగా ఆవిణ్ణిచ్చావు.”

లోపల మా తోటికోడలు నవ్వాపుకోలేక గిన్నెలు చప్పుడు చేసింది. నేను పట్టు వదలకుండా, ఆధునిక కవిత్వంలో కథంతా తీసుకోరనీ, అందులోంచి కావలసిన ముక్క మాత్రం తీసుకుని ఇప్పటి బతుకుకి తగిలిస్తారనీ, మిగతాది వదిలేస్తారనీ ఓపిగ్గా చెప్పాను. క్లాసులో అయితే దీనికి పిల్లలు నిద్రపోతారు. ఆవిడ నిద్రపోలేదు. మాల పక్కన పెట్టి నన్ను చూశారు.

“చేప తల తీసి పారేసి పులుసు పెట్టినట్టా?”

“అది కాదత్తయ్యా...”

“తలలోనేనమ్మా రుచుండేది. నీకు వండి పెట్టి పెట్టి చెప్పాను కదా.”

“ఆదివారం సభకైనా రండి.”

“చూస్తాలే,” అని మళ్ళీ మాల అందుకున్నారు. నాకు మాత్రం ఆ సాయంత్రం కాఫీ వచ్చింది, ఆవిడ ఫిల్టరులో ఆవిడ చేత్తోనే వేసి. అంత కోపంలోనూ చక్కెర నాకు సరిపడానే వేశారు. తిరుగు బస్సులో కూర్చుని కృష్ణానది కేసి చూస్తూ, సభ మానుకుందామా అని కూడా అనుకున్నాను. మావారు ఆ కవిత తీసేసి అట్టలు మార్పిద్దామన్నారు. కవిత తీసేస్తే ఆవిడనే అన్నానని ఒప్పుకున్నట్టవుతుంది, అందుకని అదీ కుదరలేదు.

ఆదివారం పొద్దున సభకు మా బంధువులు బాగా వచ్చారు. నా కవిత్వానికి ఇంతమంది ఎప్పుడూ రాలేదు. అందరూ కైకేయి కోసమే వచ్చారు. గుడివాడ పిన్నిగారు పట్టుచీర కట్టుకుని ముందు వరసలో, ఖాళీగా ఉంచిన కుర్చీ పక్కనే కూర్చున్నారు. ఆ ఖాళీ కుర్చీ ఎవరిదో అందరికీ తెలుసు. మావారు శాలువాల సంచీ, స్వీటు డబ్బాలు పట్టుకుని గుమ్మంలో నిలబడి రోడ్డుకేసే చూస్తున్నారు. జ్యోతి వెలిగించాక మరిది కుటుంబం వచ్చింది, వాళ్ళతో అత్తయ్యగారు. ముందుకి రమ్మని నేను వేదిక మీంచి సైగ చేశాను. ఆవిడ చూడనట్టు వెనక వరసలో చివరి కుర్చీలో కూర్చున్నారు.

సభాధ్యక్షులు రిటైరైన ప్రిన్సిపాల్. పెద్ద చదువరి, మంచివారు, గడియారం పెట్టుకోరు. కైకేయి మార్కెట్ సంస్కృతికి ప్రతీక అని మొదలుపెట్టి, కోపగృహం మనిషి పోగొట్టుకున్న ఏకాంతమని చెప్పి, అక్కణ్ణుంచి రాజధాని గొడవ దాకా వెళ్ళొచ్చారు. మా బంధువులు మొహమొహాలు చూసుకున్నారు. ఆ కైకేయి కోసం వాళ్ళు టిఫిన్లు మానేసి రాలేదు. చివరికాయన, “ఇంతకీ ఈ కైకేయి ఎవరు? అది కవయిత్రి మనకే వదిలేశారు” అని నీళ్ళు తాగారు.

వెనక వరసలోంచి అత్తయ్యగారు లేచారు.

“వదిలెయ్యడమేంటండీ, మా ఇంట్లో అందరూ పట్టుకుని కూర్చుంటే.”

హాలంతా వెనక్కి తిరిగింది. ఆవిడ నడుచుకుంటూ వచ్చి, మెట్లెక్కి, మైకు ముందు నిలబడ్డారు. ఆపే ధైర్యం ఎవరికీ లేదు.

“నేనీ అమ్మాయి అత్తగారినండీ. ఇందులో కైకేయి నేనని మావాళ్ళు తేల్చారు. తనేమో తనంటోంది. ఎవరైనా నాకు అభ్యంతరం లేదు. నేనడిగేదొకటే. కైకేయంటే మీకందరికీ రెండు వరాలు గుర్తొస్తాయి, కోపం గుర్తొస్తుంది. ఆ వరాలు ఆవిడకి ఊరికే రాలేదండీ. యుద్ధంలో మొగుడి రథానికి సీల ఊడిపోతే, చక్రం జారిపోకుండా తన వేలు పెట్టింది. యుద్ధం అయ్యేదాకా తియ్యలేదు. ఇంత పుస్తకం రాసింది మా అమ్మాయి, అందులో ఆ వేలెక్కడా లేదు.”

అధ్యక్షులు ఎంతో మర్యాదగా ముందుకి వంగారు. “అమ్మా, క్షమించాలి. మూలంలో వేలు ప్రస్తావన లేదు. ఆవిడ రథం తోలి ఆయన్ని రక్షించినట్టు మాత్రమే...”

“మూలంలో లేకపోతే మా అమ్మ చెప్పినదాంట్లో ఉందండీ. మీ ఇంట్లోనూ ఉంటుంది, వెళ్ళి చూసుకోండి.”

హాల్లో ఆడవాళ్ళు నవ్వారు. ముందు వరసలో అధ్యక్షులవారి భార్య కూడా నవ్వారు. అత్తయ్యగారు నవ్వలేదు.

“మా ఆయన దుకాణం వానకి మునిగి సరుకంతా పోయిన ఏడు, పిల్లలిద్దరూ చదువుల్లో ఉన్నారు. ఆయన గోడకేసి తిరిగి పడుకున్నారు. నేను మిషను కుట్టాను. ఊళ్ళో జాకెట్లన్నీ నేనే కుట్టాను. చదువులైపోయాయి, దుకాణం మళ్ళీ నిలబడింది, పెళ్ళిళ్ళయ్యాయి. ఆయన మంచివారేనండీ, పోయేదాకా ఒక మాట అన్నది లేదు. కానీ నీకేం కావాలో అడుగు అని కూడా ఒక్కనాడూ అన్లేదు. నేనూ అడగలేదు.”

మైకు పక్కకి జరిపి, మళ్ళీ దగ్గరికి లాక్కున్నారు.

“అడిగితే కైకేయంటారని.”

అంతే చెప్పి దిగిపోయారు. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. గుడివాడ పిన్నిగారు కొంగుతో మొహం తుడుచుకున్నారు. మావారు శాలువాల సంచీ కిందపెట్టి గోడవైపు తిరిగారు. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. రోజూ నా పక్కనే నిలబడి కూర తాలింపు వేసే మనిషి ఎన్నేళ్ళుగా ఏమడక్కుండా ఉందో నాకు తట్టనే లేదు. నా కోపానికి గది లేదని పుస్తకమంతా రాసుకున్నాను. హాల్లో, టీవీకి ఎదురుగా, అందరూ తొక్కుకుంటూ తిరిగే దారిలో పడుకునే మనిషికి కోపమొస్తే ఎక్కడికెళ్తుందో ఆలోచించలేదు. నేను వేదిక దిగి వెళ్ళి, పుస్తకం ఆవిడ చేతిలో పెట్టి కాళ్ళకు దణ్ణం పెట్టాను. “లే, లే, ఫోటోలు తీస్తున్నారు” అన్నారావిడ.

సభ అయ్యాక బయట ఎండ మండిపోతోంది. మరిది కారు తలుపు తీసి పట్టుకున్నాడు. ఆవిడ కారు కేసి చూసి, మా ఆటో కేసి చూసి, “నా బ్యాగు రేపు బస్సులో పంపించరా” అని ఆటోలోకెక్కారు. మావారు డ్రైవరు పక్కన ఇరుక్కున్నారు. సిగ్నల్ దగ్గర ఆటో ఆగినప్పుడు నేనే అన్నాను.

“అడగండి అత్తయ్యా. ఏం కావాలో.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే.”

ఆవిడ పుస్తకాన్ని ఎండకు అడ్డం పెట్టుకున్నారు.

“వంటింటి వెనక బాల్కనీకి ఒక తలుపు పెట్టించు. గడియ లోపల్నుంచి ఉండాలి.”

“తప్పకుండా. మీకే ఇచ్చేస్తాను.”

“నాకొక్కదానికే ఎందుకూ, నీక్కూడా కావాలనేగా ఇంత రాశావు. పొద్దుటిపూట నువ్వుండు, సాయంత్రం నేనుంటాను.”

“ఇద్దరికీ ఒకేసారి కోపమొస్తే?”

“ఇద్దరం లోపలే ఉందాం. బయటున్నవాళ్ళు అన్నం వండుకుంటారు.”